ఆముదపు చెట్టు మీద ఆరు పురుగులు, మారిపోయిన ఇంటిపేర్లు

జూలైలో రెండు వానలు గట్టిగా పడ్డాయంటే చాలు, అత్తాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గరి ట్యూబ్‌లైట్ చుట్టూ గోడ నిండిపోతుంది. తెల్లారి చీపురు పడేలోపు లేచి చూడాలి. మొన్న అలా చూస్తుంటే పై అంతస్తు అమ్మాయి ఫోన్ పట్టుకొని దిగింది. అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతోంది. "ఆంటీ, ఇది ఆముదం దాసరి పురుగు తల్లే కదా? మా సీనియర్ నోట్సులో దీని కుటుంబం నాక్ట్యుయిడే అని ఉంది. యాప్‌లో పెడితే ఎరెబిడే అంటోంది. రేపు రికార్డ్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. ఏది రాయను?"

ఫొటో చూశాను. అదే. ముందు రెక్కలు బూడిద కలిసిన గోధుమ రంగు. వెనక రెక్కలు నల్లగా ఉండి, నడుమ ఒక తెల్ల పట్టీ, అంచున మూడు తెల్ల మచ్చలు. పురుగు విషయంలో అనుమానమేమీ లేదు. చిక్కంతా దాని ఇంటిపేరుతోనే. ఆ చిక్కు ఈ ఒక్క అమ్మాయిదే కాదు. గత పదిహేనేళ్లలో మాత్‌ల గురించి చదివిన ప్రతివాళ్లకూ ఎక్కడో ఒకచోట ఇది తగిలే ఉంటుంది.

ముందు మాటల సంగతి

మాత్‌కు తెలుగులో అందరూ ఒప్పుకునే ఒక్క మాట లేదు. చిమ్మట అంటే ఒకచోట బట్టలు కొరికే పురుగు, ఇంకోచోట రాత్రంతా రొద పెట్టే పురుగు. శలభం కావ్యాల్లో దీపం మీద పడేది. రైతులు, వ్యవసాయ అధికారులు రెక్కల పురుగు అంటారు, గుడ్లు పెట్టేది కాబట్టి తల్లి పురుగు అని కూడా అంటారు. నేను మాత్ అనే రాస్తాను. దాని పిల్ల దశను మనవాళ్లు పిలిచే పేర్లతోనే పిలుస్తాను: లద్దె పురుగు, దాసరి పురుగు, బొంత పురుగు.

మాత్‌లూ సీతాకోకచిలుకలూ ఒకే పెద్ద గుంపు. పట్టుకుంటే వేలికి పొడిలా అంటుకునేవి వీటి రెక్కల మీది పొలుసులే. 2011లో వేసిన ఒక లెక్క ప్రకారం అప్పటిదాకా పేరు పెట్టిన జాతులు దాదాపు 1,57,000. అందులో సీతాకోకచిలుకలు పద్దెనిమిది, పందొమ్మిది వేలే. మిగిలినవన్నీ మాత్‌లు.

ఒక్కో రకం పురుగు ఒక జాతి. దగ్గరి జాతులు కలిస్తే ప్రజాతి. దగ్గరి ప్రజాతులు కలిస్తే కుటుంబం. కుటుంబం పేరు చివర 'ఇడే' వస్తుంది. కుటుంబం లోపలి శాఖను ఉపకుటుంబం అంటారు, దాని చివర 'ఇనే' వస్తుంది. ఈ రెండు తోకలూ గుర్తు పెట్టుకోండి, సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది.

ఇంకో తేడా కూడా ఉంది, నా దృష్టిలో అసలు విషయం అదే. గుర్తించడం ఒక పని, వర్గీకరించడం ఇంకో పని. గోడ మీది పురుగు ఏదో కళ్లతో చూసి చెప్పడం గుర్తించడం. అది ఎవరికి ఎంత దగ్గరి చుట్టమో చెప్పడం వర్గీకరణ. కుటుంబం అన్న మాట ఈ రెండో పనికి పుట్టింది. మనం దాన్ని మొదటి పనికి వాడుకుంటాం. పుస్తకం మారినప్పుడల్లా తికమక పడేది అందుకే.

ఒక చెట్టు, ఆరు పురుగులు

ఆముదపు చెట్టునే తీసుకుందాం. నూనెగింజల పరిశోధన సంస్థ ఉన్న రాజేంద్రనగర్ మా ఇంటికి దగ్గరే. మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు ఆముదం చేలు కొత్త కాదు. ఈ చెట్టును తినే మాత్ పిల్లల్లో ఆరింటిని చూస్తే చిక్కు మొత్తం అర్థమవుతుంది.

మొదటిది దాసరి పురుగు, అకియా జనాటా. నడుము పైకి వంచి అడుగులేస్తుంది. రెండోది పొగాకు లద్దె పురుగు, స్పొడోప్టెరా లిట్యురా. పేరులో పొగాకు ఉన్నా దీనికి ఆముదం ఆకు ఎంత ఇష్టమంటే, వేరే పంటల్లో దీన్ని ఆకర్షించడానికి ఎర పంటగా ఆముదం వేస్తారు. మూడోది యూప్రోక్టిస్ అనే బొంత పురుగు, వెంట్రుకలు తగిలితే దురద. నాలుగోది నల్లటి బొంత పురుగు, ఓలెపా రిసిని. పాత పుస్తకాల్లో దీన్ని పెరికాలియా అన్నారు. అయిదోది కాయ తొలుచు పురుగు, కొనోగెథెస్ పంక్టిఫెరాలిస్. ఆరోది పీడ కాదు, మనిషి పెంచుకునేది: ఎరి పట్టుపురుగు, సామియా రిసిని. ఎరి అన్న పేరు ఏరండం నుంచి వచ్చిందే, ఏరండమంటే ఆముదమే.

పాత పాఠ్యపుస్తకం ప్రకారం వీటి కుటుంబాలు వరసగా నాక్ట్యుయిడే, మళ్లీ నాక్ట్యుయిడే, లైమాంట్రియిడే, ఆర్క్టియిడే, పైరాలిడే, సాటర్నియిడే. అంటే ఆరు పురుగులకు అయిదు కుటుంబాలు. ఇప్పటి లెక్కలో దాసరి పురుగు, రెండు బొంత పురుగులు కలిసి ఒకే ఇంట్లో ఉన్నాయి, ఆ ఇల్లు ఎరెబిడే. పొగాకు లద్దె పురుగు నాక్ట్యుయిడేలోనే ఉండిపోయింది. కాయ తొలిచేది క్రాంబిడేకు వెళ్లింది. పట్టుపురుగు కదల్లేదు.

చూసినవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది. దాసరి పురుగు, లద్దె పురుగు రెండూ నున్నగా ఉంటాయి, రెండింటి తల్లులూ గోధుమ రంగే. వాటిని విడదీసి, నున్నటి దాసరి పురుగును తీసుకెళ్లి వెంట్రుకల పురుగుల ఇంట్లో పెట్టారు. ఎందుకు?

రూపాన్ని బట్టి కట్టిన పెట్టెలు

1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ మాత్‌లు, సీతాకోకచిలుకల గుంపునంతా మూడు ప్రజాతుల్లో సర్దాడు. పగలు తిరిగే సీతాకోకచిలుకలు ఒకటి, గద్దల్లా దూసుకుపోయే మాత్‌లు ఒకటి, మిగతా మాత్‌లన్నీ ఒకటి. ఆ మూడోదాన్ని రూపాన్ని బట్టి మళ్లీ చిన్న గుంపులు చేశాడు. ఈనాటి నాక్ట్యుయిడే, పైరాలిడే, జియోమెట్రిడే లాంటి పేర్లకు వేర్లు ఆ చిన్న గుంపుల్లోనే ఉన్నాయి.

మన దేశపు మాత్‌లకు పెద్ద దిక్కు జార్జ్ హాంప్సన్. నీలగిరుల్లో తేయాకు తోటల్లో పనిచేసిన మనిషి. 1892 నుంచి 1896 మధ్య బ్రిటిష్ ఇండియా మాత్‌ల మీద నాలుగు సంపుటాలు రాశాడు. ఆయన పద్ధతి సూటిగా ఉంటుంది: రెక్కలో ఈనెలు ఎలా పోతున్నాయో చూడు, మీసాలు చూడు, మూతి చూడు, దాన్ని బట్టి పెట్టెలో వేయి. రంగురంగుల బొంత పురుగు తల్లులకు ఒక పెట్టె, మూతి పనిచేయని బొంత పురుగు తల్లులకు ఇంకో పెట్టె. గోధుమ రంగు గుంపుకు నాక్ట్యుయిడే. విశేషమేమిటంటే ఆ నాక్ట్యుయిడే లోపలే ఆయన 'మూడు ఈనెలవాళ్లు', 'నాలుగు ఈనెలవాళ్లు' అని వేరు చేసి పెట్టాడు. తర్వాతి తగాదాకంతా మూలం ఆ మూడూ నాలుగే.

మూడా నాలుగా: రెక్కను దగ్గరగా చూస్తే

ఇది చదివితే అర్థం కాదు, చూస్తే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. కిటికీ దగ్గర చచ్చిపడిన దాసరి పురుగు తల్లి దొరికితే వెనక రెక్క ఒకటి మెల్లగా విడదీసి తెల్ల కాగితం మీద పెట్టాను. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్ ఒక్క చుక్క వేస్తే పొలుసుల రంగు కాసేపు వెనక్కి పోయి ఈనెలు పైకి తేలతాయి. ఆ కాసేపట్లోనే భూతద్దం పెట్టి చూడాలి, స్పిరిట్ ఆరిపోతే మళ్లీ అంతా నలుపే.

రెక్క మొదట్లోంచి నడుమ దాకా పొడవాటి గది ఒకటి ఉంటుంది, చుట్టూ ఈనెలే గోడలు. ఆ గది కింది మూల దగ్గర చూపు నిలపాలి. ఆముదం ఆకులో కాడ దగ్గర్నుంచి ఈనెలు విచ్చుకున్నట్టు అక్కడి నుంచి కొన్ని ఈనెలు రెక్క అంచుకు పోతాయి. నా కాగితం మీది రెక్కలో నాలుగు ఉన్నాయి, నాలుగూ ఒకే లావు. పొగాకు లద్దె పురుగు తల్లి వెనక రెక్క తీసుకుంటే అది తెల్లగా ముత్యపు చిప్పలా మెరుస్తుంది, స్పిరిట్ పెద్దగా అక్కర్లేదు. అందులో గట్టి ఈనెలు మూడే. నాలుగోది ఉండాల్సిన చోట సన్నటి గీత ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

నాలుగైతే ఎరెబిడే, మూడైతే నాక్ట్యుయిడే. ఇక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది!

ఆగదు. పొద్దుతిరుగుడు మీద కనిపించే ఒక మాత్ ఉంది, ముందు రెక్క మీద బంగారు రేకు అంటించినట్టు మెరుస్తుంది. ప్లూసియినే అనే శాఖకు చెందింది. దాని వెనక రెక్కలో నాలుగు ఈనెలుంటాయి. దాని పిల్ల నడుము వంచే నడుస్తుంది, దాన్నీ దాసరి పురుగనే పిలవడం వింటాం. గుర్తులన్నీ ఎరెబిడేవే. అయినా అది నాక్ట్యుయిడేలోనే ఉంది.

కారణం ఇది. నాలుగు ఈనెలు పాత లక్షణం, మూడు కావడం తర్వాత వచ్చిన మార్పు. ఇద్దరి ఇళ్లలో ముత్తాత నాటి ఇత్తడి బిందె ఉందంటే వాళ్లు ఒకే ముత్తాత వంశమని చెప్పగలం, అన్నదమ్ములని చెప్పలేం. వేరు పడ్డ ఏ శాఖలోనైనా ఆ బిందె మిగిలి ఉండొచ్చు. దగ్గరి చుట్టరికం తేల్చాలంటే ఒక శాఖలో మాత్రమే కొత్తగా వచ్చిన వస్తువు కావాలి. నాలుగు ఈనెలు ముత్తాత బిందె లాంటివి. గుర్తించడానికి బాగా పనికొస్తాయి, చుట్టరికానికి సాక్ష్యంగా మాత్రం బలహీనం.

సగం వంశం రాసిన వంశవృక్షం

ఒక తాతకు నలుగురు కొడుకులనుకోండి. మూడో కొడుకు పట్నం వెళ్లి బాగా సంపాదించి, వేషభాషలు మార్చి, కొత్త ఇంటిపేరు పెట్టుకున్నాడు. తర్వాత ఎవరో 'తాతగారి వంశం' అని రాస్తూ మిగతా ముగ్గురి పిల్లల్నే రాశారు. మూడోవాడు వేరేగా కనిపిస్తున్నాడు కాబట్టి వదిలేశారు. నాలుగోవాడు అందరికంటే మూడోవాడికే దగ్గర, అయినా పుస్తకంలో ఇద్దరూ వేరు వేరు వంశాలు. ఆ పుస్తకం అబద్ధం అనలేం గానీ, వంశం మాత్రం సగమే.

పాత నాక్ట్యుయిడేకు జరిగింది ఇదే. రంగురంగుల రెక్కలతో, వెంట్రుకల పిల్లలతో కొట్టొచ్చినట్టు కనిపించిన ఆర్క్టియిడేను వేరే కుటుంబం చేశారు. వాటి దగ్గరి చుట్టాలు మాత్రం నాక్ట్యుయిడే పెట్టెలోనే ఉండిపోయాయి. ఆ చుట్టాల్లో హెర్మినియినే అనే శాఖ ఒకటి. బూడిద రంగు, చిన్న ఒళ్లు, పిల్లల్లో చాలావాటి తిండి రాలి ఎండిన ఆకులు. చూస్తే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. డీఎన్ఏ చూస్తే అది పులిచారల ఆర్క్టియిడేకు దగ్గరి బంధువు, పొగాకు లద్దె పురుగుకు చాలా దూరం.

ఇప్పటి శాస్త్రంలో ఎక్కువమంది పాటించే నియమం ఒక్కటే: కుటుంబం అంటే ఒక పూర్వీకుడు, ఆ పూర్వీకుడి సంతానం అంతా. ఎవర్నీ వదలకూడదు. ఈ నియమం ఒప్పుకుంటే దాసరి పురుగు, బొంత పురుగులు ఒక ఇంట్లోకి రావడం వింతేమీ కాదు.

2005, 2006, 2011

మార్పు ఒక్కరోజులో రాలేదు. 2005లో ఫిబిగర్, లాఫోంటెయిన్ అనే ఇద్దరు నాలుగు ఈనెలవాళ్లను నాక్ట్యుయిడే నుంచి విడదీసి ఎరెబిడేను కుటుంబం చేశారు. మరుసటి ఏడాది ఆ ఇద్దరే మళ్లీ ఆలోచించి అన్నింటినీ, ఆర్క్టియిడే, లైమాంట్రియిడేలతో సహా, ఒకే పెద్ద నాక్ట్యుయిడేలో కలిపేశారు. ఒక్క ఏడాదిలో రెండు మాటలేమిటని విసుక్కున్నవాళ్లున్నారు. నాకు అందులో నిజాయితీ కనిపిస్తుంది. ఆధారం సరిపోలేదనిపించినప్పుడు తమ మాటను తామే మార్చుకున్నారు.

2011లో రెజా జహీరి, ఆయనతో పనిచేసినవాళ్లు ఎనిమిది జన్యువుల డీఎన్ఏ పోల్చి కొత్త చెట్టు గీశారు. అందులో పాత నాక్ట్యుయిడే, దాని దగ్గరి చుట్టాలు కలిసిన గుంపు ఆరు కుటుంబాలుగా తేలింది. మన వాకిట్లోకి వచ్చేవి వాటిలో అయిదు: ఎరెబిడే, నాక్ట్యుయిడే, నోలిడే, యూటెలియిడే, నోటోడాంటిడే. ఆరోది ఆస్ట్రేలియాది. ఈ ఆరింటికీ ఉమ్మడి గుర్తు చెవి. ఛాతీ వెనక భాగంలో రెండు పక్కలా పలచటి పొర ఉంటుంది. గబ్బిలం అరుపు, మనకు వినిపించనిది, దానికి తగులుతుంది.

ఎరెబిడే ఎంత పెద్దదంటే 2011 లెక్కకే దాదాపు 24,500 జాతులు. నాక్ట్యుయిడేలో మిగిలినవి సుమారు 11,800. అన్నిటికంటే పెద్ద కుటుంబమని అందరూ చెప్పుకున్న నాక్ట్యుయిడే సగానికి దిగింది.

ఒప్పుకోనివాళ్లు ఏమంటారు

వాళ్ల వాదన తీసిపారేసేది కాదు. ఇన్ని వేల జాతులు ఒకే పేరు కిందికి వస్తే ఆ పేరు చెప్పినా ఏమీ తెలియదు. ఆర్క్టియిడే అంటే చాలు, రంగు రెక్కలు, బొంత పురుగు, చేదు ఒళ్లు, పక్షులు ముట్టవు అన్న బొమ్మ కళ్ల ముందుకొచ్చేది. ఎరెబిడే అంటే ఏ బొమ్మా రాదు. వందేళ్ల పుస్తకాలు, పీడల జాబితాలు అన్నీ పాత పేర్లతోనే ఉన్నాయి. పైగా పూర్వీకుడి నియమం తప్పకుండానే ఇంకో దారి ఉంది: ఎరెబిడే లోపలి పద్దెనిమిది శాఖల్నీ పద్దెనిమిది కుటుంబాలు చేస్తే ఆర్క్టియిడే బతికేది. డీఎన్ఏ చెట్టు ఆకారాన్ని చెబుతుంది, ఏ కొమ్మ దగ్గర 'కుటుంబం' అని చీటీ కట్టాలో చెప్పదు. అది మనుషుల ఒప్పందం.

పెద్ద కుటుంబాన్ని సమర్థించేవాళ్ల మాట: పద్దెనిమిది కుటుంబాలు చేస్తే వాటిలో చాలావాటిని బయటి రూపంతో ఎవరూ గుర్తుపట్టలేరు. పెద్ద ఇల్లు ఒకటే ఉంచితే నాలుగు ఈనెల గుర్తు చాలావరకు పనిచేస్తుంది, పాత పేర్లు ఉపకుటుంబాలుగా బతుకుతాయి. నాకు ఈ వాదనే బలంగా కనిపిస్తుంది. ఆర్క్టియిడే పోలేదు, ఆర్క్టియినే అయింది. లైమాంట్రియిడే లైమాంట్రియినే అయింది. మారింది ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరం కంటబడకే చాలామంది రెండు నోట్సులూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయనుకుంటున్నారు.

వంటింట్లోని జంట

ఇలాంటి తగాదా ఇంకోటి వంటింట్లోనే ఉంది. బియ్యం డబ్బా అడుగున గింజల్ని దారంతో గూడులా అల్లే పురుగు, కార్సైరా, పైరాలిడే కుటుంబం. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెచ్చిన వంకాయ కోస్తే లోపల దొరికే పురుగు, ల్యూసినోడెస్, క్రాంబిడే కుటుంబం. వరి కాండం తొలిచేది, మన ఆముదం కాయ తొలిచేది కూడా క్రాంబిడేవే. ఒకప్పుడు అన్నీ పైరాలిడేనే, ఇప్పటికీ ఒకే కుటుంబంగా రాసేవాళ్లు కొందరున్నారు.

రెండింటికీ తొండం మొదట్లో పొలుసులుంటాయి, అది ఉమ్మడి గుర్తు. చెవి ఛాతీలో కాకుండా పొట్ట మొదట్లో, కింది వైపు ఉంటుంది. తేడా కూడా ఆ చెవిలోనే. పైరాలిడేలో చెవి గిన్నె మూసినట్టు ఉంటుంది, క్రాంబిడేలో ముందు వైపు తెరిచి ఉంటుంది, దాని దగ్గర చిన్న మడత ఒకటి అదనం. బియ్యం గింజంత పొట్ట కింద ఇది చూడాలంటే మైక్రోస్కోప్ కావాలి, చేయి తిరిగి ఉండాలి. ముందు రెక్క ఈనెల్లో మరో తేడా ఉన్నా ఫొటోలో కనపడదు. అందుకే ఫొటో చూసి 'పైరాలిడే' అని ఒకరు, 'క్రాంబిడే' అని ఇంకొకరు అంటే, ఇద్దరిలో కనీసం ఒకరు జాతిని ముందే గుర్తుపట్టి దాన్నిబట్టి కుటుంబం చెబుతున్నారని అర్థం. నిజానికి అనుభవం ఉన్నవాళ్లంతా చేసేది అదే. ముందు పురుగు, తర్వాత ఇంటిపేరు.

ఫొటోతో ఎంతవరకు

దాసరి పురుగు తల్లి లాంటివాటికి ఫొటో చాలు, వెనక రెక్క కనిపిస్తే. ముందు రెక్కలు మూసుకొని కూర్చున్నప్పుడు తీస్తే అది ఏ గోధుమ రంగు మాత్ అయినా కావచ్చు. నల్లగొండ బత్తాయి తోటల్లో పండుకు తొండంతో రంధ్రం చేసి రసం పీల్చే రెక్కల పురుగు కూడా అంతే. కూర్చుంటే ఎండుటాకు, రెక్క విప్పితే లోపల నారింజ రంగు, దాని మీద నలుపు. అదీ నాక్ట్యుయిడే నుంచి ఎరెబిడేకు వచ్చిందే. రైతుకు ఆ ఇంటిపేరు మారినందువల్ల ఒరిగేదేమీ లేదు. ఆయనకు కావాల్సింది జాతి పేరు. ఎందుకంటే దీని పిల్లలు బత్తాయి చెట్టు మీద పెరగవు, తిప్పతీగ, దూసరతీగ లాంటి తీగల మీద పెరుగుతాయి. అది తెలియకపోతే తోటలో ఎంత వెతికినా పురుగు దొరకదు.

పురుగుల మ్యూజియాల్లో ఒక పద్ధతి ఉంది. సూదికి గుచ్చిన మాత్ కింద చిన్న కాగితం చీటీలుంటాయి. ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరు ఏ పేరు పెట్టారు. పేరు మారితే పాత చీటీ తీసేయరు, కొత్తది రాసి తేదీ వేసి దాని కిందే గుచ్చుతారు. పై అంతస్తు అమ్మాయికి ఇది చెప్పాను. తను రికార్డులో 'అకియా జనాటా, కుటుంబం ఎరెబిడే, 2011కు ముందు పుస్తకాల్లో ఎక్కువగా నాక్ట్యుయిడే' అని రాసుకుంది. తర్వాత ఫొటోలోని పురుగు కోసం ఇద్దరం మళ్లీ మెట్ల దగ్గరికి వెళ్లాం. ట్యూబ్‌లైట్ పక్కనే ఇంకా కూర్చుని ఉంది. తను ఊపిరి బిగబట్టి పెన్సిల్ కొనతో ముందు రెక్కను కొంచెం పక్కకు జరిపింది, అంచున మూడు తెల్ల మచ్చలు బయటపడ్డాయి.